గురక పెడితే గాఢ నిద్ర అనుకుంటున్నారా? రాత్రంతా నలిగేది గుండె!

తిరుపతి: "మా నాయన పడుకుంటే చాలు, గురక పక్కింటికి వినపడాల్సిందే!" తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లల్లో నవ్వుకుంటూ చెప్పుకునే మాట ఇది. కానీ ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కొన్ని సెకన్లు చప్పుడు లేకుండా ఉండి, ఉక్కిరిబిక్కిరి అయినట్టు మళ్లీ మొదలవుతోందా? అయితే నవ్వుకునే విషయం కాదు. అది స్లీప్ ఆప్నియా కావచ్చు.

కొండెక్కే ముందు అడగని ప్రశ్న

అలిపిరి నుంచి కాలినడకన వెళ్లే భక్తులకు 2024 అక్టోబర్‌లో టీటీడీ కొన్ని సూచనలు చేసింది. 60 ఏళ్లు దాటినవారు, షుగర్, బీపీ, గుండె జబ్బులు, ఊబకాయం ఉన్నవారు నడిచి రావడం మంచిది కాదని చెప్పింది. అందుకే చాలామంది బయల్దేరే ముందు బీపీ చూపించుకుంటున్నారు, మాత్రలు సర్దుకుంటున్నారు. కానీ "రాత్రి నిద్రలో ఊపిరి సరిగ్గా ఆడుతోందా?" అని ఎవరూ అడగరు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది బీపీ, ఊబకాయం, గుండె సమస్యలు ఉన్నవాళ్లలోనే!

నిద్రలో అసలేం జరుగుతుంది?

నిద్రపోగానే గొంతు కండరాలు వదులై శ్వాస దారి మూసుకుపోతుంది. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. తీవ్రంగా ఉన్నవాళ్లకు ఊపిరి ఆగడం, తగ్గడం కలిపి గంటకు 30 సార్లు, అంతకంటే ఎక్కువే జరుగుతుంది. ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి లేపుతుంది. బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. మామూలుగా రాత్రిపూట బీపీ తగ్గి గుండెకు కాస్త విశ్రాంతి దొరకాలి. వీళ్లకు అదే దొరకదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే మందులకు లొంగని బీపీ, గుండె లయ తప్పడం, హార్ట్ ఫెయిల్యూర్, పక్షవాతం ముప్పు పెరుగుతాయి.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021 ప్రకటన ప్రకారం బీపీ, గుండె జబ్బులు, పక్షవాతం ఉన్నవాళ్లలో 40 నుంచి 80 శాతం మందికి స్లీప్ ఆప్నియా ఉంటోంది. అయినా చాలామందిలో ఇది బయటపడటం లేదు. మన దేశంలో సుమారు 10.4 కోట్ల మందికి ఈ సమస్య ఉండొచ్చని ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్ల అంచనా.

'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలతో మనల్ని ఊపేసిన బప్పీలహరి గుర్తున్నారా? 2022 ఫిబ్రవరి 15న ముంబైలో ఆయన కన్నుమూశారు. అప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఇదే జబ్బు ఉంది.

మిషన్ పెట్టుకుంటే సరిపోతుందా?

సీప్యాప్ అనే మిషన్ మాస్క్ ద్వారా గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. గురక తగ్గుతుంది, పగటి మత్తు పోతుంది, బీపీ కూడా కొంత దిగుతుంది. అయితే గుండెపోటును ఆపేస్తుందా అంటే ఇంకా గట్టిగా చెప్పలేం. 2016లో వచ్చిన 'సేవ్' అనే పెద్ద అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం కేసులు తగ్గలేదు. కాకపోతే అందులో పాల్గొన్నవాళ్లు మిషన్ వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే. అందుకే మిషన్ రోజూ సరిగ్గా వాడాలి, బరువు తగ్గాలి, బీపీ మందులు మాత్రం మానకూడదు.

వీటిలో మీకు ఎన్ని ఉన్నాయి?

* గట్టిగా గురక
* పగలంతా అలసట, మత్తు
* నిద్రలో ఊపిరి ఆగడం ఇంట్లోవాళ్లు చూడటం
* బీపీ
* బాగా ఎక్కువ బరువు
* 50 దాటిన వయసు
* 40 సెంటీమీటర్లకు మించిన మెడ చుట్టుకొలత
* మగవాళ్లు కావడం

మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే డాక్టర్‌ను కలవండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులకు బీపీ కోసమో, గుండె కోసమో వెళ్లినప్పుడు గురక సంగతి కూడా చెప్పండి. నిద్ర పరీక్ష అవసరమో కాదో వాళ్లే తేలుస్తారు. రాత్రిళ్లు లారీలు, ట్యాక్సీలు నడిపేవాళ్లు అస్సలు వాయిదా వేయొద్దు. స్టీరింగ్ దగ్గర ఒక్క కునుకు చాలు, ప్రాణం మీదికి రావడానికి.

ఇంకో ముఖ్య విషయం.. నిద్రపోయేవాళ్లకు తమ ఊపిరి ఆగిందని తెలియదు. తెలిసేది పక్కన పడుకున్నవాళ్లకే. ఈ రాత్రి గురక వినిపిస్తే విసుక్కుని అటు తిరిగి పడుకోకండి. ఓ నిమిషం సెల్‌ఫోన్‌లో వీడియో తీసి డాక్టర్‌కు చూపించండి.