చాదస్తం కాదు, జబ్బు!

వేంపల్లె: పెద్దాయన రాత్రిళ్లు నిద్రపోడు. తిన్న సంగతి మరచి, అన్నం పెట్టలేదని కోడలిమీద కేకలేస్తాడు. ఇరుగుపొరుగు దీనికి పెట్టే పేరు చాదస్తం. కొందరైతే గాలి సోకిందంటారు. వైద్యులు మాత్రం ఇటువంటి లక్షణాల వెనుక మూడు వేర్వేరు జబ్బులను వెతుకుతారు. ఏళ్ల తరబడి మెల్లగా ముదిరేది డిమెన్షియా. రెండు మూడు రోజుల్లోనే మాట తడబడి, మనుషులను గుర్తుపట్టకపోతే అది డెలీరియం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం వంటివి దీనికి కారణం కావచ్చు. వెంటనే చూస్తే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. మూడోది దిగులు. భార్య పోయి, పిల్లలు కువైట్‌లోనో బెంగళూరులోనో ఉన్న ముసలాయన ఒళ్లు నొప్పులని ఆసుపత్రికి వస్తాడు. నొప్పి బిళ్లలతో దిగులు తీరేదెట్లా?

ఈ తేడా కనిపెట్టడానికి డాక్టరుకు ప్రత్యేక శిక్షణ కావాలి. పడుచువాడికిచ్చే మోతాదులో నిద్రమాత్ర ఇస్తే ముసలాయన తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటాడు. హౌస్ సర్జన్సీలో మానసిక వైద్యానికి దక్కేది రెండు వారాలు. అందులో వృద్ధుల వంతు ఎంత? ఎం.డి. తర్వాత వృద్ధుల మానసిక వైద్యంలో మూడేళ్ల డి.ఎం. చదువు లక్నోలోని కింగ్ జార్జ్ వైద్య విశ్వవిద్యాలయంలోనూ, బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ ఉన్నది. సీట్లు బహు కొద్ది. దేశంలో డిమెన్షియా ఉన్న వృద్ధులు 88 లక్షలని 2023లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. ఆ నిపుణులు వేంపల్లెదాకా వచ్చేసరికి ఈ తరం పెద్దలు దాటిపోతారు.

దగ్గరి దారి లేకపోలేదు. అనంతపురం జిల్లాకు ఆనుకొని ఉన్న బళ్లారిలో 1980 దశకంలో నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే మానసిక వైద్యంలో తరిఫీదు ఇచ్చారు. 1996లో వచ్చిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. కడపలో 2006 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. మండలాల డాక్టర్లను విడతలవారీగా అక్కడికి పిలిపించి, వృద్ధుల జబ్బులపై తరిఫీదు ఇప్పించడానికి కొత్త భవనాలేమీ అక్కరలేదు.

2022లో వచ్చిన టెలిమానస్ ఫోను, 14416, మంచిదే. కానీ చెవులు వినబడని అవ్వ ఫోనులో ఏం చెప్పుకుంటుంది? తరిఫీదు పొందిన డాక్టరు వారానికి ఒక పూటయినా వేంపల్లె ప్రభుత్వాసుపత్రిలో వృద్ధులకోసమే కూర్చునేట్లు జిల్లా వైద్యాధికారులు ఏర్పాటు చేయాలి. కడప బస్సెక్కి, ఓ.పి. చీటీకోసం వరుసలో నిలబడే ఓపిక ఆ వయసులో ఎవరికుంటుంది?