కోలుకున్నవాళ్లను అడిగిన ప్రశ్న

ఎదిగే పిల్ల అన్నం ముందు మొరాయిస్తే మన ఇళ్లలో ముందు వచ్చే మాట ‘మొండి’. తర్వాత బుజ్జగింపులు, ఆపైన తిట్లు. అది జబ్బేమోనని తట్టేసరికి చాలా బరువు తగ్గిపోయి ఉంటుంది. అలాంటి ఇళ్లవాళ్లకు, వైద్యం చదివే పిల్లలకు కూడా, వాల్టర్ కే అనే అమెరికన్ మానసిక వైద్యుడి పరిశోధనల జాబితాను సంవత్సరాల వరసలో చదవమని చెబుతాను. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో మొదలై, పిట్స్‌బర్గ్ మీదుగా శాన్ డియాగో చేరిన ఆ పనిలో ఒకే ప్రశ్న దశాబ్దాల పాటు నడిచింది.

ఆ ప్రశ్న అనొరెక్సియా నెర్వోసా అనే జబ్బు గురించి. అది వచ్చిన మనిషి ఎముకల గూడవుతున్నా బరువు పెరుగుతానన్న భయంతో తిండి ముట్టదు. మానసిక జబ్బుల్లో మరణాలు బాగా ఎక్కువగా ఉండేవాటిలో ఇదొకటి. మగపిల్లలకూ వస్తుంది. రోగి మెదడును పరీక్షిస్తే తేడాలు కనిపిస్తాయి. వాటిని తెచ్చింది జబ్బా, పస్తులా? రెండో ప్రపంచయుద్ధం చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి చూశారు. వాళ్లు ముభావంగా మారారు, చిరాకుపడ్డారు, కొందరు వంటల పుస్తకాలు పట్టుకు కూర్చున్నారు. ఆకలి ఒక్కటే మనసును అంత మార్చగలిగినప్పుడు, చిక్కి శల్యమైన రోగి మెదడులో కనిపించిందాన్ని జబ్బుకు మూలమని ఎలా అంటాం?

ఈ చిక్కు విప్పడానికి కే కోలుకున్నవాళ్ల దగ్గరికి వెళ్లారు. చాలాకాలంగా మామూలు బరువుతో, నెలసరి సక్రమంగా వస్తున్న స్త్రీలు వాళ్లు. అలాంటివాళ్లను వెతికి ఒప్పించడం తేలిక కాదు. ఆయన బృందం 1991లో ప్రచురించిన పేపర్ నా దృష్టిలో ఆ జాబితాకే ఆయువుపట్టు. మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం విరిగినప్పుడు మిగిలే పదార్థం రోగుల వెన్నుద్రవంలో తక్కువగా ఉంటుంది. కోలుకున్నవాళ్లలో అదే మామూలు కన్నా ఎక్కువగా కనిపించింది. దీన్నుంచి ఒక ఊహ పుట్టింది. వీళ్లది మొదటినుంచీ ఆందోళనపడే స్వభావం. తిండిలోని ట్రిప్టోఫాన్ అనే పదార్థంతోనే శరీరం సెరటోనిన్ తయారుచేసుకుంటుంది. తినడం తగ్గిస్తే అదీ తగ్గి, ఆందోళన కొంత నెమ్మదిస్తుంది. అంటే మన కంటికి శిక్షలా కనిపించే పస్తు ఆ పిల్లకు ఊరట. “ఒక్క ముద్ద తినమ్మా” అని బతిమాలే తల్లి ఆ ఊరటను వదులుకోమంటోంది. ఈ సంగతి తెలిస్తే ఆ తల్లి కోపం పిల్ల మీద నిలవదు.

ఊహ ఎంత బాగున్నా మందు దగ్గర పరీక్షకు నిలవాలి. సెరటోనిన్ మీద పనిచేసే ఫ్లూఆక్సెటిన్‌ను బరువు పుంజుకున్న 35 మందిపై కే బృందం ప్రయోగించింది. 2001లో ఆశ కలిగించే ఫలితం వచ్చింది. తర్వాత న్యూయార్క్, టొరంటోల్లో తిమొతీ వాల్ష్ బృందం 93 మందిని ఏడాది పాటు పరీక్షించింది. 2006లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం మందుకూ ఉత్తుత్తి మాత్రకూ తేడా లేదు. ఈ పేపర్ కే జాబితాలో ఉండదు. అయినా దీన్ని పక్కన పెట్టుకోకుండా ఆయన జాబితా చదివితే సగమే చదివినట్టు.

ఆ తర్వాత ఆయన బృందం చూపు రుచి వైపు మళ్లింది. కోలుకున్నవాళ్ల నాలుక మీద పంచదార నీళ్లు వేసి స్కాన్ చేస్తే, రుచినీ ఒంటిలోపలి కబుర్లనూ అందుకునే ఇన్సులా అనే భాగం ఇతరులలో స్పందించినంతగా స్పందించలేదు. 2009లో ‘నేచర్ రివ్యూస్ న్యూరోసైన్స్’లో ఈ దారాలన్నిటినీ కలిపి సమీక్ష రాశారు. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను చూసిన అంతర్జాతీయ అధ్యయనం ఈ జబ్బు వేళ్లు మనసులోనే కాక జీవక్రియలోనూ ఉన్నాయని సూచించింది.

ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. కోలుకున్నాక కనిపించే తేడా పుట్టుకతో వచ్చిందా, జబ్బు వదిలివెళ్లిన మచ్చా? తేల్చాలంటే జబ్బు రాకముందు నుంచే వేలమంది పిల్లలను పదేళ్లో పదిహేనేళ్లో గమనించాలి. మొదటి అయిదేళ్లలో చెప్పుకోదగ్గ పేపరొక్కటీ రాకపోవచ్చు. మన దగ్గర అంత ఓపిక పట్టడం కష్టం: 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల పనిని కొలవడానికి తెచ్చిన ఏపీఐ పద్ధతి పేపర్లకు మార్కులు కట్టింది, ఆ అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో బాగా పాతుకుపోయింది. ఇక్కడి యువ డాక్టరెవరైనా అంత ఓపికగా పని మొదలుపెట్టగలగాలంటే, ఏటేటా పేపర్ల లెక్క అడగని దీర్ఘకాలిక నిధులను ప్రభుత్వాలే ఇవ్వాలి.