సంతకం పెట్టిన సంగతి ఇంట్లో చెప్పండి

కాప్రా, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్, కుషాయిగూడ వాసులకు:

మా వీధిలో ఒక పెద్దాయన నిద్రలోనే పోయారు. దినాలయ్యాక బీరువా సర్దుతుంటే పెన్షన్ కాగితాల మధ్య అవయవదాన కార్డు బయటపడింది. అంచులు నలిగి ఉన్నాయి, కింద ఆయన సంతకం ఉంది. "నాన్న ఒక్క మాట చెప్పి ఉంటే కళ్లయినా ఇచ్చేవాళ్లం కదా అన్నా" అని ఆయన కొడుకు కార్డు పట్టుకుని ఏడ్చాడు. కళ్లు ఆరు గంటల్లోపు తీసుకోవాలి. అప్పటికి పది రోజులు దాటింది.

కార్డు మీద సంతకం పెడితే పనైపోయిందని చాలామంది నమ్మకం. కాదండీ. 1994 నాటి అవయవ మార్పిడి చట్టాన్ని మన తెలంగాణ శాసనసభ 2025లో తీర్మానం చేసి స్వీకరించింది. దాని ప్రకారం బతికుండగా ఇద్దరు సాక్షుల ముందు రాసివ్వాలి, వాళ్లలో ఒకరైనా దగ్గరి బంధువై ఉండాలి. ఏమీ రాయకుండా పోతే, దేహం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు అనుమతి ఇవ్వవచ్చు. కానీ దగ్గరి బంధువు ఒక్కరు అడ్డు చెప్పినా ఆగిపోతుంది. రాసి ఉన్నా సరే, మన ఆసుపత్రుల్లో ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ముందుకు వెళ్లరు.

ఆ ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అవయవాలు తీసుకునే ముందు, మెదడు పూర్తిగా ఆగిపోయిందని (బ్రెయిన్ డెత్) నలుగురు వైద్యులు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తారు. కానీ వెంటిలేటర్ మీద ఛాతీ కదులుతూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. ఆ గదిలో నిలబడ్డ తల్లిని అప్పుడు మొదటిసారి అడిగితే ఏం చెప్పగలదు? బిడ్డ మనసు ముందే తెలిసిన తల్లికి ఆ బరువు కొంత తగ్గుతుంది.

మొత్తం దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చే దేహదానం సంగతి వేరు, కానీ అక్కడా ఇంట్లోవాళ్లది ఒక్క మాట కావాలి. 2024 అక్టోబరులో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా చనిపోతే, ఆయన కళ్లను ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి, పక్కనే మౌలాలిలో జనం చివరి చూపు చూసుకున్నాక దేహాన్ని గాంధీ మెడికల్ కాలేజీకి కుటుంబం ఇచ్చింది. ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉన్నారు. అదే ఏడాది కేరళలో సీపీఎం నేత ఎం.ఎం. లారెన్స్ దేహం కోసం బిడ్డలే కోర్టుకెక్కారు, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తండ్రి దేహం మార్చురీలో ఉండగా పిల్లలు వకీళ్లను వెతుక్కునే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. ఇంకో మాట: కళ్లు ఇచ్చినా దేహం కాలేజీకి పనికొస్తుంది, పోస్టుమార్టం జరిగితే మాత్రం సాధారణంగా తీసుకోరు.

ఈ ఆదివారం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి మీ మనసులో మాట చెప్పండి. ఇవ్వాలని లేకపోతే అదీ చెప్పండి, అది మీ హక్కు. ఇవ్వాలనుకుంటే నిమ్స్‌లోని జీవన్‌దాన్ అవయవదాన పథకంలో నమోదు చేసుకోండి, భార్యనో భర్తనో బిడ్డనో సాక్షిగా పెట్టండి. కార్డు బీరువాలో దాచకండి. ఐ బ్యాంకు ఫోన్ నంబరుతో పాటు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.