రెండు మార్కుల మొరైన్

హిమానీనదాల పాఠం నేను ఆళ్ళగడ్డలో చదువుకున్నాను. ఫిబ్రవరి దాటకముందే కిటికీ ఊచలు చెయ్యి కాల్చే తరగతి గది అది. మంచు అంటే మాకు తెలిసినది ఐసుబండి డబ్బాలో ఉండేదే. అయినా "మొరైన్ అనగానేమి?" అన్న ప్రశ్నకు జవాబు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. హిమానీనదము మోసుకొనివచ్చి విడిచిన రాళ్ళు, మట్టి మొదలగువాని కుప్పలను మొరైన్లు అందురు. రెండు మార్కులు. ఆ రెండు మార్కులూ నేను ఎన్నడూ పోగొట్టుకోలేదు.

2012లో కేదారనాథ్ వెళ్ళాను. దర్శనమైన మరునాడు గుడి వెనుక దారిన పైకి, గాంధీ సరోవరమని కూడా పిలిచే చోరాబారీ సరస్సు దాకా నడిచాము. సరస్సుకు ఒక పక్క చెరువుకట్ట వలె ఎత్తుగా రాళ్ళూ మట్టీ కలిసిన దిబ్బ ఉన్నది. ఇన్ని రాళ్ళు ఇక్కడికెలా వచ్చాయని వెంట ఉన్నవారు అడిగారు. "ఏరు తెచ్చినవే. మన అహోబిలంలో భవనాశి వాగు పొడుగునా లేవూ, అటువంటివే" అని పెద్దరికంగా జవాబు చెప్పాను. ఆ దిబ్బ మీదనే కూర్చుని అటుకులు తిన్నాము.

ఆ దిబ్బ మొరైన్. చిన్ననాడు రెండు మార్కులు తెచ్చిపెట్టిన మాట మీద కూర్చుని కూడా నేను దానిని గుర్తుపట్టలేదు.

మరుసటి సంవత్సరం జూన్‌లో ఏమి జరిగిందో అందరికీ తెలుసు. ఎడతెరపి లేని వాన, కరిగిన మంచు కలిసి సరస్సు నిండింది. 2013 జూన్ 17 ఉదయం ఆ కట్ట తెగి, నీరూ బండలూ కలిసి కేదారనాథ్ మీద పడ్డాయి. దిగువన రాంబాడా అనే మజిలీ ఊరు తుడిచిపెట్టుకుపోయింది. ఆ వరదలలో ఉత్తరాఖండ్‌లో మరణించినవారు, జాడ తెలియనివారు కలిపి 5,000 మందికి పైగా ఉన్నారు. చిక్కుకుపోయినవారిలో మన తెలుగు యాత్రికులు ఎందరో. ముందుగా నాకు తెలిసి ఉంటే ఆపగలిగేవాడినని కాదు. కాని ఆ కట్ట ఎటువంటిదో తెలియకపోవడం నన్ను ఈనాటికీ వేధిస్తున్నది.

శీతల ప్రాంతాలలో నేల ఎలా రూపు దిద్దుకుంటుందో మన పిల్లలకు నేర్పవలసిన అవసరమేమిటని అడిగేవారున్నారు. కుందూ వరదలు, బోరుబావులలో అడుగంటే నీరు ముందు నేర్పండి, ఆ మంచు గొడవ మనకెందుకని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతని మాటలో సగం న్యాయమున్నది. నేర్పడం ఇక్కడి నుంచే మొదలుకావాలి. అయితే ఇక్కడే ఆగిపోతే నేను కేదారనాథ్‌లో చేసిన పొరపాటే జరుగుతుంది. భవనాశి రాయిని చూచిన కన్ను ప్రతి రాయిలోనూ భవనాశినే చూస్తుంది.

తేడా ఎక్కడున్నదో ఇప్పుడు తెలుసు. ప్రవాహం రాళ్ళను దొర్లించి నునుపు చేస్తుంది. బరువును బట్టి ఏరి, పెద్దవాటిని ఒకచోట, ఇసుకను ఇంకొకచోట, ఒండ్రును మరొకచోట దించుతుంది. మంచుకు ఈ ఎంపిక తెలియదు. ఇల్లంత బండనూ, పిండివంటి మట్టినీ ఒకే మోపుగా తెచ్చి, కరిగిన చోట కుమ్మరిస్తుంది. రాళ్ళ అంచులు చాలావరకు పదునుగానే ఉంటాయి. ఇటువంటి కుప్ప నీటికి అడ్డుపడి సరస్సు ఏర్పడితే, దాని కట్టను ఎవరూ దిమ్మిస కొట్టి గట్టిపరచలేదు. ఒక్కొక్కచోట లోపల మంచుగడ్డ కూడా దాగి ఉంటుంది. అది కరిగితే కట్ట కుంగుతుంది. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సులోకి పక్కనున్న మొరైన్ వాలు జారిపడగా, పొంగిన నీరు చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా మీది ఆనకట్టను కొట్టుకుపోయింది. రెండు మార్కుల నిర్వచనంలో ఈ సంగతి ఒక్కటీ లేదు.

మరి ఆళ్ళగడ్డ పిల్లవాడికి దీనిని ఎలా చెప్పాలి? మా ఊరిలో అందుకు సాధనాలు తక్కువేమీ కాదు. శిల్పుల వాడలో ఉలి కింద రాయి ఎటు చీలుతుందో చూడవచ్చు. బేతంచెర్ల, బనగానపల్లె గనులలో నాపరాయి పొరల సందున ఇనుప చీలలు దిగగొట్టి బండలు ఊడదీయడం చూడవచ్చు. చలిదేశంలో ఆ చీల పని నీరే చేస్తుంది. బీటలోకి దిగిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది. రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, కొన్నేళ్ళకు కొండనే విరుస్తుంది. అదే నీరు మన బెలుం గుహలలో సున్నపురాయిని కరిగించి 3,229 మీటర్ల దారి తొలిచింది. ఇక మంచునదిగా కదిలినప్పుడు అడుగున ఇరుక్కున్న రాళ్ళతో నేలను గరుకు కాగితం వలె రుద్ది గీతలు పెడుతుంది. కరిగించడం, చీల్చడం, రుద్దడం మూడూ నీటి పనులే. ఒకటి చూచినవాడికి మిగిలిన రెండూ చెప్పడం కష్టం కాదు.

ఆ గీతలు చూడడానికి హిమాలయాలకే వెళ్ళనక్కరలేదన్నది నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచిన విషయం. తెలంగాణ సరిహద్దు వెంట పారే పెన్‌గంగ దగ్గర, చంద్రపూర్ ప్రాంతంలోని ఇరాయి వద్ద, సున్నపురాతి నేల మీద మంచు గీసిన గీతలను భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి ఫెడ్డెన్ గుర్తించి 1875లో ప్రకటించాడు. దాని మీద పరచుకున్నది తాల్చీర్ బండరాళ్ళ పొర. అది సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటిది. భారతదేశం అప్పుడు గోండ్వానా ఖండంలో భాగమై, దక్షిణ ధ్రువానికి చేరువలో ఉన్నది. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరల కిందుగా కనిపించేవి ఈ తాల్చీర్ శిలలే. రోహిణీకార్తెలో నిప్పులు చెరిగే రామగుండం నేలకు మంచు జ్ఞాపకమున్నది. ఈ సంగతి నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. మంచు పాఠం పరాయి దేశపు పాఠమనుకున్నంత కాలం మన నేలను మనమే సగం చదివినట్లు లెక్క.

బతుకుతెరువు మాట అడిగేవారికి కూడా జవాబున్నది. హిమాలయ నదీక్షేత్రాలలోని హిమానీ సరస్సులను ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కగట్టి పటాలుగా వెలువరించినది మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే. ఈ విద్యకు చలిదేశంలో పుట్టి ఉండాలన్న నియమమేమీ లేదు.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. నిర్వచనం చెప్పే ముందు పిల్లల చేతిలో రెండు రాళ్ళు పెట్టమంటున్నాను. ఒకటి వాగులో దొరికిన గుండ్రాయి, ఒకటి గనిలో పగిలిన మొనదేలిన రాయి. ఏది ఎలా వచ్చి ఉంటుందో వారినే చెప్పనివ్వాలి. మాట ఆ తర్వాత ఇవ్వవచ్చు. అది మొరైన్ అయినా సరే, ఎవరైనా మంచి తెలుగు మాట కల్పించినా సరే. తోటి బ్లాగరులకు మరొక మనవి. ఎవరి ఊరి గుట్టను గురించి వారు, అది ఎలా నిలిచిందో ఒక టపా రాయండి. కథలూ కవితలూ ఎలాగూ రాసుకుంటూనే ఉన్నాము.

ఈ మధ్య మా బంధువులు కేదారయాత్రకు బయలుదేరుతూ అక్కడ ఏమేమి చూడాలని అడిగారు. గుడి వెనుక వరదలో కొట్టుకొచ్చి ఆగిన పెద్ద బండను, భీమశిల అని, అందరూ చూపిస్తారు. దానికి దండం పెట్టుకున్న తర్వాత, అది ఏ దారిన వచ్చిందో ఒకసారి వెనుకకు తిరిగి పైకి చూడమన్నాను. ఈసారి ఏరు తెచ్చిందని మాత్రం చెప్పి ఊరుకోలేదు.