అడ్వెంట్ కానుకల పెట్టెలు ఫుల్.. మరి టమాటా కోసిన చేతికి దక్కేదెంత? అమెరికా చర్చిల్లో 'పౌండుకో సెంటు' లెక్క

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను క్రైస్తవులు ఆగమన కాలం అంటారు. అదే అడ్వెంట్. 2025లో ఇది నవంబర్ 30న మొదలైంది. అమెరికాలో చర్చిలకు ఏడాదిలో ఇంత హడావుడి ఉండే కాలం మరొకటి లేదు. కానుకలు, చందాలు, దుప్పట్లు, ఆహార పొట్లాలు.. అన్నీ ఈ నాలుగు వారాల్లోనే.

సరిగ్గా ఇదే సమయంలో ఫ్లోరిడాలో టమాటా కోతలు జోరుగా నడుస్తుంటాయి. చలికాలంలో అమెరికన్ల ప్లేట్లోకి వచ్చే టమాటాలో పెద్ద వాటా అక్కడిదే. చర్చిలో పేదల కోసం డబ్బా నిండుతుంటే, పొలంలో కూలీ బకెట్ నింపుతుంటాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందా? ఉందని పాతికేళ్లుగా కొన్ని చర్చిలు వాదిస్తున్నాయి. వాదించడమే కాదు, పెద్ద పెద్ద కంపెనీలను ఒప్పందం బల్ల దాకా తీసుకొచ్చాయి. అసలు కథేంటో చూద్దాం.

నాలుగు కొవ్వొత్తులు.. నాలుగు వారాలు

అడ్వెంట్ అంటే ఎదురుచూపు. చాలా చర్చిల్లో పచ్చని ఆకులతో గుండ్రటి దండ అల్లి, దానిపై నాలుగు కొవ్వొత్తులు పెడతారు. వారానికొకటి వెలిగిస్తారు. నిరీక్షణ, సమాధానం, సంతోషం, ప్రేమ.. ఇలా ఒక్కో వారానికి ఒక్కో మాట.

దీంతో పాటే దానధర్మాలు. సాల్వేషన్ ఆర్మీ 1979లో మొదలుపెట్టిన 'ఏంజెల్ ట్రీ' పద్ధతి ఇప్పుడు అందరికీ తెలిసిందే. చెట్టుకు కాగితం చీటీలు వేలాడదీస్తారు. ఒక్కో చీటీ మీద ఓ పేద పిల్లాడి వయసు, బట్టల సైజు, కావాల్సిన బొమ్మ రాసి ఉంటాయి. చీటీ తీసుకున్నవాళ్లు ఆ కానుక కొనిస్తారు. కొన్ని సంఘాలు బంధువుల పేరు మీద హైఫర్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల ద్వారా పేద కుటుంబానికి మేకనో, కోళ్లనో ఇస్తాయి.

ఇదేమీ చిన్న మొత్తం కాదు. 'గివింగ్ యూఎస్ఏ' నివేదిక ప్రకారం 2024లో అమెరికన్లు ఇచ్చిన విరాళాలు దాదాపు 592 బిలియన్ డాలర్లు. అందులో మత సంస్థలకు వెళ్లిందే 146 బిలియన్ డాలర్ల పైమాట. దాతృత్వంలో ఆ దేశాన్ని తప్పుపట్టడానికేమీ లేదు. అయితే ఇస్తున్నది ఎవరికి? వాళ్లు అడుగుతున్నది ఏంటి? ఇక్కడే అసలు చర్చ మొదలవుతుంది.

బకెట్ లెక్క ఇదీ..

ఫ్లోరిడా నైరుతి మూలన ఇమ్మోకలీ అనే చిన్న ఊరు ఉంది. సంపన్నులు ఉండే నేపుల్స్ నగరం ఉన్న కౌంటీలోనే ఇదీ ఉంది. ఇక్కడ తెల్లవారకముందే కూలీలు పార్కింగ్ స్థలంలో బస్సుల కోసం నిలబడతారు. ఎక్కువమంది మెక్సికో, గ్వాటెమాలా, హైతీల నుంచి వచ్చినవాళ్లు.

కూలీ ఎలా ఇస్తారంటే.. గంటకు కాదు, బకెట్‌కి. ఒక బకెట్‌లో 32 పౌండ్ల పచ్చి టమాటా పడుతుంది. అంటే దాదాపు 14న్నర కిలోలు. ఏళ్ల తరబడి బకెట్ రేటు 50 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. గంటకు 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనం చొప్పున పది గంటలకు 70 డాలర్ల పైచిలుకు రావాలంటే.. 140కి పైగా బకెట్లు కోయాలి. బరువులో చెప్పాలంటే రెండు టన్నుల పైనే. అంత బరువును ఒక మనిషి ఒక్క రోజులో భుజాన మోసి, ట్రక్కు దాకా పరిగెత్తాలి.

అంతేనా? బకెట్‌ను అంచు దాటి గుట్టలా నింపాలని మేస్త్రీలు పట్టుబట్టేవాళ్లు. ఆ పైన పోసిన దానికి పైసా లెక్క ఉండదు. అలా బకెట్‌కు పదో వంతు దాకా ఊరికే పోయేది. వాన పడితే పని లేదు. మంచు ఆరేదాకా పొలం గట్టున కూర్చున్న గంటలకు కూలీ లేదు.

చట్టం ఏం చేస్తోందని అడగొచ్చు. 1935 కార్మిక సంఘాల చట్టంలో వ్యవసాయ కూలీలకు చోటే లేదు. 1938 కనీస వేతన చట్టం కూడా మొదట్లో వాళ్లను పక్కనపెట్టింది. 1966లో సవరించి కొందరికి కనీస వేతనం వర్తింపజేశారు. ఫెడరల్ చట్టం కింద ఓవర్‌టైమ్ హక్కు మాత్రం ఇప్పటికీ లేదు. 1960లో థాంక్స్ గివింగ్ మర్నాడు సీబీఎస్ టీవీ 'హార్వెస్ట్ ఆఫ్ షేమ్' డాక్యుమెంటరీలో ఈ కూలీల బతుకు చూపిస్తే దేశం ఉలిక్కిపడింది. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా బకెట్ మాత్రం మారలేదు.

చర్చి గదిలో మొదలు.. కంపెనీ గుమ్మం దాకా

1993లో ఇమ్మోకలీ కూలీలు కొందరు ఊళ్లోని ఓ చర్చి గదిని అడిగి తీసుకుని, వారం వారం కలవడం మొదలుపెట్టారు. అదే 'కొయలిషన్ ఆఫ్ ఇమ్మోకలీ వర్కర్స్'. 1997 డిసెంబర్‌లో.. అంటే సరిగ్గా క్రిస్మస్ సీజన్‌లో.. ఆరుగురు కూలీలు నిరాహార దీక్షకు దిగారు. 30 రోజులు సాగిన ఆ దీక్ష మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ జోక్యంతో ముగిసింది. అయినా రైతులు పెద్దగా దిగిరాలేదు.

అప్పుడే కూలీలకు ఓ సంగతి అర్థమైంది. రేటు డిసైడ్ చేసేది రైతు కాదు, టన్నుల కొద్దీ కొనే బడా కంపెనీ. కొనేవాడు ధర నొక్కితే, రైతు కూలీని నొక్కుతాడు. కాబట్టి అడగాల్సింది కొనేవాణ్నే. డిమాండ్ సింపుల్.. పౌండుకు ఒక సెంటు అదనంగా ఇవ్వండి, అది నేరుగా కూలీకి చేరాలి.

2001లో టాకో బెల్ బహిష్కరణకు పిలుపునిచ్చారు. 2002లో ప్రెస్బిటేరియన్ చర్చి జాతీయ మహాసభ దీనికి మద్దతు పలికింది. 2003లో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ కూడా కలిసింది. ఇందులో ఓ విశేషం ఉంది. టాకో బెల్ యజమాని యమ్ బ్రాండ్స్ ప్రధాన కార్యాలయం ఉన్నది కెంటకీ రాష్ట్రం లూయిస్‌విల్‌లో. ప్రెస్బిటేరియన్ చర్చి ప్రధాన కార్యాలయం కూడా అదే ఊళ్లో. మాట్లాడుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

చర్చిలు చేసిన పని పెద్ద పెద్ద ప్రసంగాలు కాదు. పాదయాత్రగా వచ్చిన కూలీలకు రాత్రి పడుకోవడానికి హాలు ఇచ్చారు, భోజనం పెట్టారు. ఆదివారం ఆరాధనలో వాళ్లను మాట్లాడనిచ్చారు. తర్వాత సంఘ సభ్యులే ఉత్తరాలు పట్టుకుని దగ్గర్లోని షాపు మేనేజర్ దగ్గరికి వెళ్లారు. ఎదురుగా ఉన్నది ఉద్యమకారుడు కాదు, రోజూ తమ దగ్గర కొనే కస్టమర్. అలాంటి ఉత్తరాన్ని మేనేజర్ చెత్తబుట్టలో వేయలేడు కదా!

2005 మార్చిలో టాకో బెల్ ఒప్పుకుంది. 2007లో మెక్‌డొనాల్డ్స్, 2008లో బర్గర్ కింగ్, సబ్‌వే. 2014లో వాల్‌మార్ట్ కూడా. మధ్యలో గట్టి అడ్డంకే వచ్చింది. తమ సభ్యులెవరైనా కూలీలకు ఆ సెంటు అందిస్తే లక్ష డాలర్ల జరిమానా వేస్తామని ఫ్లోరిడా టమాటా రైతుల సంఘం బెదిరించింది. కంపెనీలు ఇచ్చిన డబ్బు కూలీకి చేరకుండా ఆగిపోయింది. 2010 నవంబర్‌లో ఆ సంఘమే దారికొచ్చింది. అలా 'ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రాం' ఫ్లోరిడా టమాటా తోటల్లో 90 శాతానికి పైగా విస్తరించింది.

దానం కాదు.. ఒప్పందం

ఈ విధానం ఎలా పనిచేస్తుందో తెలిస్తేనే తేడా అర్థమవుతుంది. కంపెనీ ఇచ్చే అదనపు సెంటు కూలీ జీతం చీటీలో విడిగా కనిపిస్తుంది. అంతా కలిసొస్తే 32 పౌండ్ల బకెట్‌కి 32 సెంట్లు. పన్నులు పోతే ఇంకొంచెం తగ్గుతుంది. పైగా ఒప్పందంలో ఉన్న కంపెనీలు కొన్న సరుకుకే ఇది వర్తిస్తుంది. అయినా 2011 నుంచి 3.5 కోట్ల డాలర్లకు పైగా డబ్బు ఇలా పొలాలకు చేరింది.

డబ్బు కన్నా ముఖ్యమైనవి నిబంధనలు. గుట్టలా నింపడం బంద్. పని గంటలకు క్లాక్ పెట్టాలి. నీడ, తాగునీరు ఉండాలి. 24 గంటల ఫిర్యాదు ఫోన్ ఉండాలి. వెట్టిచాకిరీ, లైంగిక దాడి బయటపడి రైతు చర్య తీసుకోకపోతే.. పెద్ద కంపెనీలు ఆ తోట సరుకు కొనడం ఆపేస్తాయి. తనిఖీలు చేసేది 'ఫెయిర్ ఫుడ్ స్టాండర్డ్స్ కౌన్సిల్' అనే విడి సంస్థ. దాన్ని నడిపించింది న్యూయార్క్ రిటైర్డ్ జడ్జి లారా సేఫర్ ఎస్పినోజా.

వెట్టిచాకిరీ అనేది పాత మాట అనుకుంటే పొరపాటే. 2007లో ఇమ్మోకలీలోనే కూలీలను రాత్రిళ్లు ట్రక్కులో పెట్టి తాళం వేసిన కేసు బయటపడింది. 2008 డిసెంబర్‌లో ఇద్దరు ప్రధాన నిందితులకు 12 ఏళ్ల చొప్పున జైలు శిక్ష పడింది. ఆ కూలీలకు క్రిస్మస్ పొట్లం ఎవరైనా ఇచ్చి ఉండొచ్చు. కానీ తాళం తీయడానికి పొట్లం సరిపోదు.

చర్చి లోపలా భిన్నాభిప్రాయాలు

అందరూ ఒకే మాట మీద లేరు. ఆరాధనలో కూలి రేట్ల గొడవేంటి, ఇది రాజకీయం కాదా అని అడిగే విశ్వాసులు ఉన్నారు. ఒకే బల్ల మీద కూలీ, రైతు, సూపర్ మార్కెట్ ఉద్యోగి కూర్చునే సంఘాలూ ఉన్నాయి. అక్కడ సంఘకాపరి ఏం మాట్లాడినా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

మరోవైపు వాదన కూడా బలమైనదే. అడ్వెంట్‌లో చదివే మరియ కీర్తనలో ఆకలిగొన్నవాళ్లు, ధనవంతుల ప్రస్తావన సూటిగానే ఉంది. పంట కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టడం గురించి యాకోబు పత్రిక హెచ్చరిస్తుంది. బైబిల్లో ఉన్న విషయాన్ని చర్చిలో మాట్లాడకపోతే ఎక్కడ మాట్లాడాలన్నది వీళ్ల ప్రశ్న.

కంపెనీల వాదన వేరు. ఫ్లోరిడా సూపర్ మార్కెట్ దిగ్గజం పబ్లిక్స్.. ఇది రైతుకూ కూలీకీ మధ్య విషయమని, కావాలంటే ఆ సెంటును ధరలో కలిపేయండని చెబుతూ వచ్చింది. వెండీస్ గ్రీన్‌హౌస్ టమాటాకు మారామంటోంది. క్రోగర్ కూడా చేరలేదు. ధరలో కలిపితే అది కూలీ దాకా వస్తుందన్న గ్యారంటీ ఏదన్నది కూలీల జవాబు. 2016 నుంచి వెండీస్ బహిష్కరణ సాగుతోంది. 2023 మార్చిలో పహోకీ నుంచి పామ్ బీచ్ దాకా ఐదు రోజుల పాదయాత్ర కూడా చేశారు.

తెలుగువాళ్లకు ఏంటి సంబంధం?

అట్లాంటా, షార్లెట్, డాలస్‌లలో మన తెలుగు కుటుంబాలు వారం వారం సరుకులు తెచ్చుకునేది ఈ పబ్లిక్స్, క్రోగర్, వాల్‌మార్ట్‌ల నుంచే. పప్పులో వేసే టమాటా ఏ తోటదో ఎవరూ అడగరు. హెచ్-1బీ పేరు తెలియని తెలుగు ఇల్లు ఇవాళ దాదాపు లేదు. దాని పక్కనే హెచ్-2ఏ అని పొలం కూలీల వీసా ఉందని మాత్రం చాలామందికి తెలియదు. 2024 ఆర్థిక సంవత్సరంలో 3.8 లక్షలకు పైగా ఉద్యోగాలకు ఆ వీసా కింద అనుమతి ఇచ్చారు. ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన భయం ఇద్దరిదీ ఒకటే. కాకపోతే ఒకరికి లాయర్ ఉంటాడు, మరొకరికి మేస్త్రీ ఉంటాడు.

దానమా, కూలీయా అన్న ప్రశ్న మన గడ్డ మీదా కొత్తది కాదు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మెదక్ చర్చి కరువు రోజుల్లో లేచిన కట్టడం. ఆకలితో ఉన్నవాళ్లకు ఊరికే పంచకుండా, పని చూపించి పనికి తిండి పెట్టాలన్న ఆలోచనతో చార్లెస్ వాకర్ పోస్నెట్ దాన్ని కట్టించారు. చేసిన పనికి అన్నం తిన్నామన్న తృప్తి వేరు. ఇమ్మోకలీ కూలీలు అడుగుతున్నదీ ఆ మర్యాదనే.

ముందున్నది ఏంటి?

పరిస్థితి అంత తేలిగ్గా లేదు. అమెరికాలో 20 లక్షలకు పైగా వ్యవసాయ కూలీలు ఉంటే, ఫెయిర్ ఫుడ్ కిందికి వచ్చింది అందులో కొద్దిమందే. పంట కూలీల్లో నూటికి 40 మందికి సరైన పత్రాలు లేవని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి. 2025లో వలసదారుల ఏరివేత పెరిగాక, పత్రాలు లేని కూలీ ఫిర్యాదు ఫోన్ ఎత్తాలన్నా భయపడే రోజులొచ్చాయి. ఎండ దెబ్బ నుంచి కార్మికులను కాపాడే సొంత రూల్స్ స్థానిక సంస్థలు పెట్టకూడదంటూ ఫ్లోరిడా 2024లో చట్టం చేసింది. అంటే నీడకు కూడా ఇప్పుడు ప్రైవేటు ఒప్పందమే దిక్కు.

అలాగని కానుకల పెట్టె వృథా అనలేం. ఈ రాత్రి ఆకలికి పొట్లమే కావాలి. కోత లేని నెలల్లో అద్దె కట్టలేని కుటుంబానికి చర్చి చందానే ఆసరా. అయితే పొట్లం ప్రతి డిసెంబర్‌లో మళ్లీ నింపాలి. ఒప్పందం మాత్రం జనవరిలోనూ పనిచేస్తుంది, మే నెల దాకా కోత సాగినన్నాళ్లూ పనిచేస్తుంది.

టాకో బెల్ విషయంలో బహిష్కరణ పిలుపు నుంచి సంతకం దాకా నాలుగేళ్లు పట్టింది. పబ్లిక్స్, క్రోగర్, వెండీస్‌ల సంతకం కోసం ఎదురుచూపు అంతకంటే చాలా ఎక్కువే అయింది. ఈ అడ్వెంట్‌లోనూ చర్చిల్లో నాలుగో కొవ్వొత్తి వెలుగుతుంది. ఆ తర్వాత షాపు మేనేజర్ టేబుల్ మీదకు ఎన్ని ఉత్తరాలు చేరతాయన్నదే ఇప్పుడు చూడాలి.