ఫ్రీజర్ భద్రమే, మరి మోసేవాని నడుము?

ఇల్లు మారేటప్పుడు గాని, దుకాణాన్ని వేరొక వీధికి తరలించేటప్పుడు గాని పైకి మూత తెరుచుకునే పెద్ద ఫ్రీజర్ ఒక సమస్యగా నిలుస్తుంది. కంప్రెసర్ పాడవుతుందేమోనని యజమాని ఆందోళన చెందుతాడు. ఆ జాగ్రత్త తప్పు కాదు. అయితే దానిని మోసే మనిషి నడుము గురించి, అందులోని ఆహారాన్ని తినబోయే కుటుంబం గురించి అంతటి శ్రద్ధ కనిపించదు. ఫ్రీజర్ తరలింపు మొదట ఆరోగ్య విషయం, ఆ తరువాతనే యంత్రానికి సంబంధించిన విషయం అని నా దృఢమైన అభిప్రాయం.

300 లీటర్ల ఫ్రీజర్ ఖాళీగా ఉన్నప్పుడే సుమారు 50 కిలోల బరువు ఉంటుంది. అమెరికాలో వృత్తి సంబంధ ఆరోగ్యాన్ని పరిశీలించే ‘నియోష్’ సంస్థ, ఒక వ్యక్తి ఎత్తదగిన బరువుకు 23 కిలోలను హద్దుగా సూచించింది. అదైనా బరువు ఒంటికి దగ్గరగా ఉండి, పట్టు చక్కగా దొరికి, నడుము మెలిపడని అనుకూల స్థితిలోనే. ఫ్రీజర్‌కు పట్టుకునే పిడులుండవు. వెడల్పు ఎక్కువ కనుక చేతులు చాచాలి. కంప్రెసర్ ఉన్న వైపు బరువు మొగ్గుతుంది. ఇంత భారాన్ని వంగి ఎత్తి, అదే ఊపులో పక్కకు తిరిగితే వెన్నుపూసల మధ్యనున్న డిస్కు ఉబికి నరాన్ని నొక్కవచ్చు. పిరుదు నుండి పాదం వరకు లాగే సయాటికా నొప్పి ఇలా మొదలవుతుంది. కాలిలో బలం తగ్గినా, మర్మస్థానం చుట్టూ తిమ్మిరి కలిగినా, మలమూత్రాలపై అదుపు తప్పినా అది అత్యవసర పరిస్థితి. అప్పుడు మర్దనలతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గాయం కలిగించేంతటి బరువును ఎవరిచేతా మోయించరాదని, 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ నిర్దేశించింది. కాని ఆ నిబంధన ఫ్యాక్టరీ ప్రాంగణానికే పరిమితమై ఉండేది. ట్రాలీ ఆటో పక్కన నిలబడే హమాలీకి అది వర్తించలేదు. వంద రూపాయలు మిగులుతాయని నలుగురు చేయవలసిన పనిని ఇద్దరిచేత చేయించడం పొదుపు కాదు. ఆ హమాలీ నడుము విరిగితే అతని ఇంట పొయ్యి వెలగదు.

నా దృష్టిలో ప్రమాదాలకు మూలం తొందరపాటు. ఆ తొందరకు కారణం లోపలి ఆహారం. అది కరిగిపోతుందన్న భయంతో నిండు ఫ్రీజర్‌నే ఎత్తుతారు, కొత్త చోట దించిన మరుక్షణమే ప్లగ్గు పెడతారు. కనుక వారం ముందునుండే సరుకు కొనడం ఆపి, ఉన్నది వాడుకోవాలి. మిగిలినదానిని మంచుతో కలిపి థర్మోకోల్ పెట్టెలో సర్దాలి. తరలింపుకు ఒకరోజు ముందు ప్లగ్గు తీసి, పేరుకున్న మంచును దానంతటదే కరగనివ్వాలి. కత్తితో గీకితే గోడలలోని సన్నని గొట్టాలు తెగవచ్చు. నేటి ఫ్రీజర్లు అనేకం మండే స్వభావమున్న వాయువుతో పనిచేస్తాయి. నేలమీది నీటిని ఎప్పటికప్పుడు తుడవాలి.

మోయడానికి బదులు బెల్టున్న చక్రాల ట్రాలీని అద్దెకు తెచ్చుకోవడం ఉత్తమం. మూతను, తీగను కట్టివేయాలి. ఫ్రీజర్‌ను నిలువుగానే ఉంచాలి. మెట్లపై దాని దిగువన ఎవరూ ఒంటరిగా నిలబడరాదు. నిలువుగా తెచ్చిన ఫ్రీజర్‌ను కొన్ని గంటలు, పడుకోబెట్టి తెచ్చినదానిని ఒకరోజు పాటు కదపకుండా ఉంచి, కంప్రెసర్ నూనె కిందికి దిగిన తరువాతనే కరెంటు ఇవ్వాలి. ఎర్త్ ఉన్న మూడు రంధ్రాల సాకెట్ తప్పనిసరి. తడి నేలపై చెప్పులు లేకుండా తిరిగే మన ఇళ్లలో ఎర్త్ లేని ప్లగ్గు ప్రాణాంతకం.

గడ్డకట్టించినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు, నిద్రాణంగా ఉంటాయి. కరిగిన చేపలలో, మాంసంలో అవి తిరిగి వృద్ధి చెందుతాయి. లోపల మంచు పలుకులు ఇంకా ఉన్నదానిని మళ్లీ గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగి, రెండు గంటలకు మించి బయటి వేడిలో ఉన్నదానిని పారవేయవలసిందే. వాసన బాగుందన్నది భద్రతకు నిదర్శనం కాదు. కొత్త చోట ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలకు చేరిన తరువాతనే ఆహారాన్ని లోపల సర్దాలి.

ఇక పాత ఫ్రీజర్‌ను వదిలి వెళ్లేవారికి ఒక విన్నపం. దాని మూతను ఊడదీయండి. దాగుడుమూతలాడుతూ లోపలికి దిగిన బిడ్డకు మూత పడితే ఊపిరాడదు, కేకలూ బయటికి వినిపించవు. ఇటువంటి మరణాల వల్లనే అమెరికా 1956లో ఇంటి రిఫ్రిజిరేటర్ల తలుపులు లోపలినుండి కూడా తెరుచుకోవాలని చట్టం చేసింది. మన ఇంట అందుకు చట్టం అక్కరలేదు, ఒక స్క్రూడ్రైవరు చాలు.

యంత్రం చెడితే బాగుచేయించవచ్చు, లేదా మరొకటి కొనవచ్చు. దెబ్బతిన్న వెన్నెముక విషయంలో వైద్యుడు సైతం అంతటి హామీ ఇవ్వలేడు. కాబట్టి ఫ్రీజర్ ఎత్తే ముందు ఎందరు మనుషులున్నారో లెక్కించండి. చాలకపోతే ఆ పనిని మరునాటికి వాయిదా వేయండి.