సెలవు – ఇంటిదారి

డిస్కో పాట యనగానే పెదవి విరచువారు మనలో పెక్కుమంది కలరు. అయినను 1979లో బోనీ ఎం బృందము పాడిన ‘గాట్టా గో హోమ్’ గీతమును ఒక్కమారు ఆలకింపుడు. ద్వీపములకు పయనము, ఇంటికి మరలవలెనను ఆరాటము – ఇదియే దాని సారము. పశ్చిమ జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ కూర్చిన ఆ బృందమున వేదికపై నిలిచిన నలుగురును జమైకా, మాంట్‌సెరాట్, అరూబా దీవులలో జన్మించి ఐరోపాకు వలస వెళ్లినవారే. కనుకనే ఆ గంతుల వెనుక ఒక సత్యము గలదు.

తెలుగున ‘సెలవు’ అనినను, ఉర్దూలో ‘రుఖ్సత్’ అనినను విరామము, అనుమతి, వీడ్కోలు మూడును స్ఫురించును. అనుమతి లేనివానికి విరామమెక్కడిది? పత్తితీతకు, మిరపకోతకు కర్నూలు ప్రాంతమునుండి కూలీల కుటుంబములు మన సత్తెనపల్లి వైపు చేలకు వచ్చును. బడి విడిచిన పసివారును వారి వెంట నుందురు. సంక్రాంతికో, రంజానుకో మనము రైలెక్కుదుము. కోత ముగియనిదే వారికి ఇంటిదారి లేదు.

పాటను నిందించుట సులభము. దాని యర్థమును అందరికిని దక్కించుట కష్టము. కోతల కాలమున ఆదివారమునకు రెండు గంటలు ఆ పిల్లలకు అక్షరములు నేర్పుటకు విద్యార్థులు పూనుకొనవలెను. పలకలు, పుస్తకములు సమకూర్చుట కళాశాల సంఘమువారి వంతు. అప్పుడే మన సెలవు సార్థకమగును.